డాలు పట్టిన మా వియ్యపురాలు

నా చేతిరాత మంచిగుండదు. కోడి కెలికినట్లుంటదని మా ఇంటామెనే అంటది. ఊళ్లె ఐదో తరగతి దాంక చదివిన. ఒత్తు ఎక్కడ పెట్టాల్నో, దీర్ఘం ఎక్కడ తియ్యాల్నో ఇప్పటికి అనుమానమే. మా అల్లుడు దీన్ని మిషిన్ల కొట్టి, ఆట ఆడెటోళ్లందరు రాసుకునే పేజీల పెడతనన్నడు. తప్పులుంటె దిద్దమని చెప్పిన. దిద్దినంక కూడ మిగిలితె ఏమనుకోకుండ్రి.

చెప్పవలసిన మాట ఒకటే. మా వియ్యపురాలు పోయింది. నా బిడ్డకు అత్త. పోయిన వారం పొద్దుగాల జొన్నరొట్టెలు కాలుస్తు, ఛాతి పట్టేసినట్లున్నదని గోడకు ఆనుకొని కూసున్నదట. అల్లుడు ఆటో పట్టుకొచ్చేటాలకు పానం లేదు. దవాఖాన దాంక పోనే పోలె. పెనం మీద మాడిన రొట్టె వాసన నేను వనపర్తి చేరేదాంక ఆ ఇంట్ల అట్లనే ఉండె.

గద్వాల సెంటర్ల, నాగర్‌కర్నూల్ సెంటర్ల కూసొని కంప్యూటర్ల ఈ ఆట ఆడే మీకు ఆమె ముఖం తెల్వదు. మీకు తెలిసింది వేరే మనిషి. నిప్పుకొండ గుహల అందరికన్న ముందట, తలకు ఇనుప టోపి పెట్టుకొని, తలుపంత డాలు పట్టుకొని నిలబడే ఆ ఎత్తు మనిషి. మీరు సర్దార్ అంటుంటిరి. గద్వాలోళ్లయితె మిలిట్రిల చేసి రిటైరైన సారు అనుకున్నరట. కాదు. ఆ సర్దార్ ముతక చీర కట్టుకొని, కొంగు నడుముల చెక్కుకొని, ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు మడిచి కూసునే మా వియ్యపురాలు. నాలెక్కనే ఊరి చదువు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బొమ్మలు చూసి, రంగులు చూసి ఆడేది. బతికున్నప్పుడు చెప్పనియ్యలె. "ఆడమనిషి అని తెలిస్తె నా ఎనక నిలబడతరో లేదో, ఎందుకొచ్చిన పరేషాన్" అన్నది. ఇప్పుడు చెప్తున్న. చెప్పుకోవాలని నాకున్నది.

వియ్యంకుడు పోయినంక అల్లుడు ఇంటి ముందటి అర్రల నెట్ సెంటర్ పెట్టిండు. పగటిపూట అల్లుడు బయట పనిమీద తిరిగితె గల్ల దగ్గర ఆమె కూసునేది. ఒకనాడు పక్క గాజుల దుకాణం భాయ్ ఆట నడుమ చాయ్ తాగ పోవాల్సొచ్చి, "అమ్మా, జర చూస్తుండు. ఎవడన్న మీదికొస్తె ఈ బటన్ నొక్కు" అని చెప్పి పోయిండట. వచ్చిండ్రు. ఆమె నొక్కింది. భాయ్ తిరిగొచ్చి చూస్తె చుట్టూ సచ్చిన తోడేళ్లు. ఆమె కుర్చీ ఇడ్వలె. "ఇంకొక్కటి రాని భాయ్, మంచిగున్నది" అన్నదట. అట్ల మొదలైంది.

నేను ఆ ఆటల పడ్డది మోకాళ్ల వల్ల. మాది వీపనగండ్ల దిక్కు పల్లె. మోకాళ్లు పట్టుకపోతె వనపర్తిల సూదులు ఏపిచ్చుకోవాలన్నరు డాక్టరు. కొన్ని రోజులు అక్కడనే ఉండాలె. మా బిడ్డ ఇంట్ల ఉండమన్నది. నాకు మనసు రాలె. బిడ్డకు సంతానం కలిగేదాంక అల్లుడింట్ల చెయ్యి కడగొద్దని, అంటె బువ్వ తినొద్దని మా దిక్కు కట్టుబాటు. పిల్లను ఇచ్చినోడు తలకాయ వంచుకొని ఉండాలె, వియ్యపురాలి ముందట గొంతు లేవొద్దు. నాకు మామూలుగనే గొంతు లేవదు. ఇంక ఆమె ముందట అయితె నోట్లె నాలుక ఉన్నదో లేదో అన్నట్లుంటి. ఆమె నన్ను అన్నా అనేది, నేను ఆమెను అక్కా అనేటోన్ని. ఇద్దరిల ఎవరు పెద్దనో ఇయ్యాల్టి దాంక తెల్వదు.

నేను సంచి పట్టుకొని బయట అరుగు మీదనే నిలబడ్డ. ఆమె గల్ల కాడి నుంచి చూసింది.

"లోపలికి రాండ్రి అన్నా."

"వద్దక్కా. ఈడ గాలి మంచిగొస్తున్నది."

ఆమెకు అర్థమైంది. నవ్వింది. "ఇది ఇల్లు కాదన్నా, దుకాణం. దుకాణంల ఎవలైన కూసోవచ్చు. ఎవలైన తినొచ్చు."

లోపలి నుంచి పళ్లెం తెచ్చి మిషిన్ల నడుమ పెట్టింది. నా కట్టుబాటు చెడలె, నా కడుపు నిండింది. ఆమె అటువంటి మనిషి. గోడ కూలగొట్టదు, పక్క నుంచి తొవ్వ చూపిస్తది.

అప్పుడు వాళ్ల జట్టుల ఒక మనిషి తక్కువ ఉండె. ముందట డాలు పట్టి మా వియ్యపురాలు. పక్కలకు కత్తులతోని భాయ్, మా అల్లుడు. రాకాసి వీపు దిక్కు పోయి బాణాలు కొట్టేది కంప్యూటర్ కోర్సు నేర్చుకునే ఒక పిల్ల, గడుసుది. దెబ్బలు తగిలినోళ్లకు మందు పోసేటోడు మాత్రం నౌకరి దొరికి పట్నం పోయిండు. ఆమె నన్ను మిషిన్ ముందట కూసోబెట్టింది. "మన మనుషుల నెత్తిమీద గీత ఉన్నది చూడుండ్రి. అది వాళ్ల పానం. తగ్గితె పొయ్యాలె. ముందుగాల పోస్తె వృథా, ఎనుక పోస్తె పీనుగు."

గొర్రు ఎంబడి నడుస్తు గింజలు ఇడిసిన చెయ్యి నాది. ఎడ్లు ఎంత జోరుగ పోయినా సాలుల గింజ ఎడం తప్పనియ్యకపోదును. ఈ పని కూడ అట్లాంటిదే అనిపించింది. పోసుడు జల్దినే వచ్చింది.

ఆ గుహల ఉండే పెద్ద రాకాసిని ఆటోళ్లు బాస్ అంటరు. రాయిలెక్క తోలు, నోట్లె నిప్పు. మూడు ఊర్ల సెంటర్ల ఎవరి తోని పడలె. గద్వాలోళ్లు దాని పానం సగం దాంక తెచ్చి, "వనపర్తోళ్లు ఇంక తలుపు కాడనే ఉన్నరా?" అని తెర మీద రాసి మమ్మల్ని ఎక్కిరిస్తుండ్రి. మా భాయ్ పండ్లు కొరికేటోడు. మా వియ్యపురాలు మాత్రం, "ఉండనియ్యి. మనం జర చూసుకుందాం" అనేది.

ఆమె పద్ధతి చూసుడే. మొదలు ఆమె దాన్ని కొట్టనే కొట్టకపోయేది. ఒక్కతె లోపలికి పోయి డాలు పట్టుకొని ఊకె నిలబడేది. అది ఏం చేస్తదో చూసేది. సచ్చేది. మళ్ల పోయేది. నాకు పానం ఒప్పక, "ఊకె ఎందుకక్కా సచ్చుడు?" అని అడిగిన.

"సావకుంటె ఎట్ల తెలుస్తది?" అన్నది తెర మీది నుంచి కండ్లు తియ్యకుండ.

అట్ల సచ్చి సచ్చి తెలుసుకున్నది. అది ఎడమకాలు ముందటికి పెడితె తోక తిప్పుతది. తల నేలకు ఆనిస్తె పొడవనీకి ఉరుకుతది. రెండు దెబ్బల నడుమ జర ఊపిరి తీసుకుంటది, అప్పుడే మనం కొట్టాలె. ఏదన్న తప్పి అది భాయ్ మీదికో బాణాల పిల్ల మీదికో మళ్లితె, వాళ్లు భయానికి గుహ మూలకు ఉరికేటోళ్లు. అది ఎంబడిపడి తొక్కేది. ఆమె అందరికి ఒకటే మాట చెప్పింది. "పానం మీదికొస్తె మనిషి దూరం ఉరుకుతడు. అట్ల చెయ్యకుండ్రి. నా దిక్కు ఉరుకుండ్రి. తిట్లు, తన్నులు నేను చూసుకుంట."

మీలో ఎంతమంది ఆ మాట విని బతికిండ్రో మీకే తెలుసు.

ప్రతి పోరుకు ముందు చాయ్ పోసుకొని సగం తాగి, సగం సాసర్ల ఉంచేది. "గెలిచినంక తాగుత" అనేది. రోజు ఆ చాయ్ మీద మీగడ కట్టేది. మా బిడ్డ తీసుకపోయి పారబోసేది.

గెలవకపోవుడు నా వల్లనే, ఆఖరి పని నాది. రాకాసి పానం ఇంక జర ఉన్నదనంగ దానికి పిచ్చి లేస్తది. అప్పుడు కక్కే నిప్పుకు డాలు కూడ ఆగదు. డాలు మనిషి ఎనక్కి ఉరికొచ్చి రాయి చాటుకు రావాలె. నిప్పు కక్కే ముందు దాని మెడ కింద ఎర్రగైతది. అయితె ముందట నిలబడ్డ మనిషికి దాని పొట్ట తప్ప ఏం కనవడదు. పక్కలున్నోళ్లకు పొగ. బాణాల పిల్లకు వీపు. మెడ కనవడేది దూరంగ రాయి కాడ నిలబడ్డ మందు మనిషికే. అంటె నాకే. నేను చెప్పాలె. గట్టిగ, ఆ గడియలనే చెప్పాలె.

మొదటిసారి అక్కడిదాంక వచ్చినం. మెడ ఎర్రగయ్యింది. నేను చూసిన. పక్క కుర్చీలనే ఉన్నది ఆమె. నేను గొంతు సవరించుకొని, "అక్కా, మీరు ఏమనుకోరంటె, జర..." అన్న.

తెర అంత నిప్పు. ఆమె సచ్చింది. ఆమె ఎనుక మేమందరం సచ్చినం.

భాయ్ నెత్తి పట్టుకున్నడు. "యా అల్లా! చాచా, నువ్వు పెండ్లి పత్రిక సదివినట్లు సదువుతున్నవు. అక్కడ మనిషి కాలి బూడిదాయె!"

బాణాల పిల్ల కిందమీద పడి నవ్వింది. మా వియ్యపురాలు కూడ నవ్వింది. నాకు మాత్రం చెవులు కాలినయి.

మళ్లొక్కసారి అట్లనే అయింది. ఇంకొకసారి కూడ. నోరు తెరుస్త, మాట రాదు. నా బిడ్డను ఏలుకునే ఇంటి పెద్దను పట్టుకొని అరువుమంటె ఎట్ల అరుస్త? భాయ్ చెడ్డోడు కాదు, గెలవాలని ఆయన బాధ. ఒకనాడు నేను బయట అరుగు మీద ఉన్నది చూడకుండ ఆమెతోని అన్నడు. "అమ్మా, గద్వాల్ల ఒకడున్నడు. మందు పోసుడు, మొత్తుకునుడు రెండూ వస్తయి. పిలుస్త. చాచాకు కూడ ఆరాం."

ఆమె, "పిలువు. డాలు పట్టెటోన్ని కూడ చూసి పిలువు. అన్న లేకుంటె నేను పట్ట" అన్నది.

నేను సంచి సదురుకున్న. నా వల్ల ఆమె ఆగిపోవుడు నాకు ఇష్టం లేదు. బస్సుకు పోతనని చెప్పొస్తె ఆమె సంచి నా చేతుల నుంచి తీసుకొని గల్ల కింద పెట్టింది. "పోసుడు మీలెక్క ఎవరికీ రాదు. నోరొక్కటే రాదు. నోరు నేను నేర్పిస్త."

నేర్పిన తీరు ఇంటె మీరు నమ్మరు. ఆమె వీధి నల్ల కాడ బిందె నింపుకొని ఇంటికి నడిచొచ్చేది. నేను అరుగు మీద కూసోవాలె. నాకు ఎక్కడ అనిపిస్తె అక్కడ, "ఆగు!" అని మొత్తుకోవాలె. ఆమె ఆగుతది. "రా ఇటు!" అంటె ఉరికొస్తది. చిన్నగ అంటె వినవడనట్లు నడిచే పోయేది. గొంతు పెంచే దాంక బిందె దించకపోయేది. బిందె బరువుకు ఆమె నడుము వంగుతుంటె నాకు సిగ్గు పోయి కోపమొచ్చింది. అప్పుడు అరిచిన. "ఆగు! దించు! రా ఇటు!" ఎదురింటి కోళ్లు చెదిరినయి.

"ఇదీ గొంతు!" అన్నది ఆమె. నీళ్లు తొలికి చీర తడిసింది, ముఖం ఎలిగిపోతుండె.

నల్ల కాడి ఆడోళ్లు నోర్లు తెరిచి చూసిండ్రు. వాళ్లల్ల ఒకామెది మా పక్కూరే. మాట బస్సెక్కింది. తెల్లారేటాలకు మా ఇంటామె ఫోను. అల్లుడు నాకిచ్చిండు.

"ఏందయ్యా! వియ్యపురాలితోని నీళ్లు మోపిచ్చి, వీధిల నిలబెట్టి బెదిరిస్తున్నవట. బిడ్డ కాపురం ఏం జేద్దామనుకున్నవు?"

"అది కాదే, రాకాసి మెడ ఎర్రగైతె..."

"ఎవలు రాకాసి? వియ్యపురాల్ని రాకాసి అంటున్నవా?"

ఫోను మా వియ్యపురాలు గుంజుకున్నది. "వదినే, ఏం రంది పడకు. నేనే అరిపిచ్చుకుంటున్న. నువ్వు ఇన్నేండ్లు కాపురం చేసి మనిషికి గొంతు తెప్పియ్యకపోతివి, నేను తెప్పిస్తున్న." అవతల ఏమన్నదో, ఇద్దరు నవ్వుడు మొదలు పెట్టిండ్రు. ఆ నవ్వుల మీదనే నాకు జర ధైర్యం వచ్చింది.

ఆ వచ్చిన శుక్రవారం, భాయ్ నమాజు చేసుకొని వచ్చినంక గుహలకు పోయినం. సాసర్ల సగం చాయ్. ఆమె కుర్చీల కాళ్లు మడుచుకొని, "రా బిడ్డా, ఇటు రా, నీకు నేను కావాలె" అని రాకాసిని తిట్టుకుంట తన మీదికి తిప్పుకున్నది. అది ఎడమకాలు పెట్టింది, తోక తప్పిచ్చుకున్నం. తల ఆనిచ్చింది, పక్కకు జరిగినం. అది బాణాల పిల్ల మీదికి మళ్లితె ఆ పిల్ల మూలకు పోలె, నేరుగ ఆమె దిక్కు ఉరికింది. ఆమె డాలు అడ్డం పెట్టింది. నేను పోస్తున్న. గింజ గింజ పడుతున్నది.

దాని పానం ఇంక జర ఉన్నదనంగ కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగినయి. బ్యాటరీ డబ్బా కీ, కీ అనుడు మొదలు పెట్టింది. ముసలి బ్యాటరీ, ఎప్పుడు ఇడుస్తదో తెల్వదు. అల్లుడు, "అమ్మా, పోతదే!" అన్నడు. "పోనియ్యి, కొట్టుండ్రి" అన్నది ఆమె.

నేను మెడనే చూస్తున్న. ఎర్రగయ్యింది.

నా లోపలి నుంచి ఎవరో అరిచినట్లు అరిచిన. "ఎనక్కి రా! ఇడిసిపెట్టు దాన్ని! నా దిక్కు ఉరుకు!"

ఆమె ఒక్క గడియ కూడ ఆలోచన చెయ్యలె. డాలు తిప్పి ఉరికింది. ఎనుక నిప్పు, ముందట ఆమె, రాయి కాడ నేను. ఆమె గీత ఎర్రగ, ఎంట్రుకంత మిగిలింది. పోసిన. నిప్పు రాయి మీది నుంచి పోయింది. ఆమె మళ్ల డాలు పట్టుకొని లేచింది. "ఇప్పుడు కొట్టుండ్రి!" అందరు ఒక్కసారి పడ్డరు. రాకాసి మోకాళ్ల మీద కూలింది, పక్కకు ఒరిగింది. గుహంత దుమ్ము.

ఆ దుమ్ము దిగుతుంటెనే బ్యాటరీ ఇడిసింది. తెరలన్ని నల్లగైనయి.

చీకటి అర్రల భాయ్ బల్ల మీద ఎక్కి ఎగురుతున్నడు. బాణాల పిల్ల ఏడుస్తున్నది. లోపలి నుంచి మా బిడ్డ పిండి చేతులతోని ఉరికొచ్చింది. మా వియ్యపురాలు సాసర్ దగ్గరికి గుంజుకున్నది, చల్లగైన చాయ్ మీగడతోని సహ తాగింది. తాగి, కొంగుతోని మూతి తుడుచుకొని నా దిక్కు చూసింది.

"మంచిగ మొత్తుకున్నరన్నా."

ఆట బంద్ అయితె మళ్ల మర్యాదనే. నేను తల వంచుకున్న. కాని ఆనాటి నుంచి నా తల పూర్తిగ వంగలె.

మూడు ఊర్లల్ల మేమే మొదలు. ఇంకొకరైతె ఆ యుక్తి దాచుకుందురు. ఆమె కరెంటు వచ్చిన ఎంటనే అల్లుని పిలిచి, తనను ఎక్కిరిచ్చిన గద్వాలోళ్లకే మొదలు రాపిచ్చింది. కాలు, తల, మెడ, రాయి చాటు, అన్ని. భాయ్ అలిగిండు. "అడిగిండ్రు కద. చెప్తె మన చాయ్ ఏం తగ్గదు" అన్నది. తర్వాత ఎన్ని జట్లకు ముందట నిలబడ్డదో మీకు తెలుసు. తీరిక దొరికితె తన డాలు మనిషిని ఆటల పట్నం తలుపు కాడ కూసోబెట్టి, కొత్తగ వచ్చేటోళ్లకు మందు సీసలు అందరికన్న అగ్గువ ధరకు ఇచ్చేది.

ఇప్పుడు మా బిడ్డకు కొడుకు. నేను లోపలికి పోయి ధైర్యంగ తినొచ్చు. కాని నా పళ్లెం మిషిన్ల నడుమనే పెట్టమంట. అక్కడనే అలవాటైంది.

పోయే ముందు ఆమె నాగర్‌కర్నూల్ జట్టుకు మాట ఇచ్చింది. వాళ్ల తోని రాకాసి ఇంక పడలె, వచ్చే శుక్రవారం ముందట నిలబడతనని. మాట మిగిలింది, మనిషి లేదు. మూడో నాటి కార్యం అయినంక భాయ్, అల్లుడు, బాణాల పిల్ల, నేను కూసొని మాట్లాడుకున్నం. మాట తప్పొద్దు అనుకున్నం. డాలు పట్టెటోళ్లు మీలో ఎవరన్న ఉంటె వనపర్తికి రాండ్రి. ఆమె కుర్చీ ఖాళి ఉన్నది. మొహమాటం వద్దు. అది ఇల్లు కాదు, దుకాణం. ఎవలైన కూసోవచ్చు, ఎవలైన తినొచ్చు. ముందట నిలబడితె మీకు మెడ కనవడదు, ఫికర్ చెయ్యకుండ్రి. నాకు కనవడతది. నేను మొత్తుకుంట.

ఆమె మిషిన్ ఇంక బంద్ చెయ్యలె. ఆనాడు రొట్టెలు చెయ్య పోయే ముందు డాలు మనిషిని పట్నం తలుపు కాడ కూసోబెట్టి పోయింది. డాలు పక్కకు ఆనిచ్చి, ముందట సీసలు పరిచి, కొత్తోళ్లొచ్చే తొవ్వ దిక్కు చూసుకుంట కూసున్నది. తెల్వనోళ్లు వస్తరు, కొనుక్కుంటరు, దండం పెట్టినట్లు వంగి పోతరు. కరెంటు పోయి వస్తె నేను పోయి మళ్ల అక్కడనే కూసోబెడుతున్న.

ఎంతమంది వస్తరో జల్ది రాయుండ్రి. బియ్యం నానబెట్టాలె, మందు కలపాలె.